అక్వేరియం ముచ్చట్లు – వాటి వెనుకనున్న శాస్త్రము

చేపలను పెంచేవారు ఇద్దరు ఒకచోట కలిసినప్పుడు వారి సంభాషణ ఎట్లు సాగుతుందో గమనించినవారికి ఒక సంగతి తెలియగలదు. వారు చేప రంగును గూర్చి గాని, దాని ధరను గూర్చి గాని ముందుగా మాట్లాడరు. నీటిని గూర్చి మాట్లాడతారు. "నీళ్ళు ఎప్పుడు మార్చినవ్ భాయ్?" అని ఒకరంటే, "నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా?" అని మరొకరు అడుగుతారు. హైదరాబాదు వంటి నగరంలో అక్వేరియం సామాను అమ్మే దుకాణం ముందు ఆదివారం ఉదయం కాసేపు నిలబడితే చాలు, ఉర్దూ తెలుగు కలగలిసిన ఈ ముచ్చట చెవిన పడుతుంది. బ్యాంకు ఉద్యోగి, ఆటో నడిపే అతడు, ఇంటర్మీడియేట్ చదివే కుర్రవాడు, అందరూ అక్కడ ఒకే తరగతి విద్యార్థులు. కొత్తవానికి అడిగినా అడుగకున్నా సలహా ఇవ్వడంలో ఈ వర్గానికి మించిన వర్గాన్ని మేమెరుగము.

అయితే ఆ సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు నీరంతా పారబోసి తొట్టిని తోమి కడగమంటారు. మరొకరు నీటిని ముట్టనే వద్దంటారు. ఒకరు ఉప్పు వేయమంటారు. ఇంకొకరు ఉప్పు వేస్తే చేప చస్తుందంటారు. కొత్తవాడు ఇవన్నీ విని ఇంటికి వెళ్ళి తోచినట్లు చేస్తాడు. కొత్త తొట్టిలో చేపలు చనిపోవడం ఎక్కువగా మొదటి నెలలోనే జరుగుతుంది. పిల్లవాడు ఏడుస్తాడు, తొట్టి అటకెక్కుతుంది, "మా ఇంటికి చేపలు అచ్చిరావు" అన్న మాట మిగులుతుంది. అచ్చిరావడం, రాకపోవడం అన్నవి ఇందులో లేవు. ఉన్నది కొంత రసాయనశాస్త్రము, కొంత జీవశాస్త్రము. ఆ ముచ్చట్లలో తరచు వినవచ్చే సలహాలు కొన్నింటిని తీసుకొని, ఏది ఎందుకు నిజమో, ఏది సగమే నిజమో ఇక్కడ వివరింప యత్నిస్తాము.

గాజు పాత్రలో జలచరాలను పెట్టి పరిశీలించడం మరీ పాత విద్య కాదు. ఫ్రెంచి వనిత జాన్ విల్‌ప్రూ-పవర్ సిసిలీ ద్వీపంలో ఆర్గోనాట్ అనే సముద్ర ప్రాణిని పరిశీలించుటకు 1832లో గాజు తొట్లను వాడింది. ఆ తరువాత లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచి, ఆ ప్రయోగ ఫలితాన్ని 1850లో వెల్లడించాడు. మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడసాగితే నత్తలను తెచ్చి వదిలాడు. అవి కుళ్ళిన ఆకులను తిని నీటిని తేటపరచాయి. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును, మొక్క విడిచిన ప్రాణవాయువును చేప గ్రహించును, నత్త పాకీపని చేయును అన్న సమతుల్య సిద్ధాంతం ఆ విధంగా పుట్టినది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథంతో 'అక్వేరియం' అన్న పేరు జనం నోట స్థిరపడింది.

వారింగ్టన్ లెక్కలో ఒక అంకె లోపించింది. చేప విడిచేది ఒక్క బొగ్గుపులుసు వాయువే కాదు. అమ్మోనియాను కూడ విడుస్తుంది, అదీ చాలా భాగం మొప్పల గుండానే. ఆ అమ్మోనియా ఏమవుతుందన్నది అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1877లో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పని అని నిరూపించారు. ఆ మార్పు రెండు దశలలో, రెండు వేర్వేరు జీవుల చేత జరుగుతున్నదని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చూపినవాడు వేరొక రాబర్ట్ వారింగ్టన్. ఈయన మన అక్వేరియం వారింగ్టన్‌కు సాక్షాత్తు కుమారుడు! తండ్రి తొట్టిని నిలబెట్టగా, ఆ తొట్టి ఎందుకు నిలబడుతున్నదో చెప్పే సంగతిని కుమారుడు పొలం మట్టిలో వెదికి పట్టినాడు. ఆ జీవులను వేరుపరచి చూపిన ఘనత మాత్రం 1890లో వినోగ్రాడ్‌స్కీకి దక్కింది.

ఇప్పుడు దుకాణం ముందరి సంభాషణకు వద్దాము. తరచు వినవచ్చేది ఇట్లుంటుంది.

"అన్నా, నీళ్ళు అద్దంలెక్క ఉన్నయి. అయినా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నయి. రెండు పోయినయి కూడా."

"తొట్టి పెట్టి ఎన్ని రోజులయింది భాయ్?"

"పది రోజులు."

"చేపలెన్ని వేసినవ్?"

"పన్నెండు."

అనుభవశాలి చేప జాతిని అడుగలేదు, మందు పేరు చెప్పలేదు. తేదీని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నలో సగం రోగ నిర్ణయం జరిగిపోయింది. కొత్త తొట్టిలో గాజు, గులకరాళ్ళు, ఫిల్టరు స్పాంజి అన్నీ శుభ్రముగా ఉంటాయి. ఆ శుభ్రతయే ఇక్కడ ఆపద. అమ్మోనియాను తిని నైట్రైటుగా మార్చే జీవులు, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చే జీవులు ఇంకా అక్కడ కాపురం పెట్టలేదు. అవి నెమ్మదిగా వృద్ధిచెందే జీవులు. పాలను పెరుగు చేసే జీవులవలె రాత్రికి రాత్రి పెరగవు. మన వేడిమిలో సైతం తగినన్ని కావడానికి సామాన్యంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా పన్నెండు చేపలు విడిచిన అమ్మోనియా నీటిలోనే నిలిచి ఉంటుంది. అమ్మోనియాకు రంగు లేదు. నైట్రైటుకూ లేదు. కనుక నీరు అద్దము వలె ఉండుటకు, చేప క్షేమముగా ఉండుటకు సంబంధం లేదన్నమాట.

మొదటి కొన్ని రోజులలో అమ్మోనియా పెరిగి మొప్పలను కాలుస్తుంది. అది తగ్గుముఖం పట్టే వేళకు నైట్రైటు పెరుగుతుంది. నైట్రైటు రక్తంలో ప్రవేశించి హిమోగ్లోబినును మెథిమోగ్లోబినుగా మారుస్తుంది. రక్తం ఎరుపు పోయి గోధుమ వన్నెకు తిరుగుతుంది, ప్రాణవాయువును మోయలేదు. నీటిలో ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నను చేప ఉక్కిరిబిక్కిరియై పైకి వస్తుంది. మూడవ వారంలో చేపలు పోయేది తరచు ఇందువల్లనే. "పది రోజులు బాగున్నయి కదా, ఇప్పుడేమయింది?" అని అడిగేవారికి ఇదే సమాధానం.

ఉప్పు వేయమనే పెద్దల మాట ఇక్కడ అక్కరకు వస్తుంది. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు రెండును మొప్ప వద్ద ఒకే ద్వారం గుండా లోపలికి పోవలసినవి. క్లోరైడు ఎక్కువగా ఉంటే నైట్రైటుకు చోటు దొరకదు. లీటరుకు ఒక గ్రాము లోపు మామూలు ఉప్పు ఈ పనికి చాలును. పూర్వం ఈ సలహా చెప్పినవారికి రసాయనం తెలియదు, చూసి నేర్చుకున్నారు. ఇక ఉప్పు వద్దనేవారి మాటలోనూ న్యాయం కలదు. నీటి మొక్కలు ఉప్పును సహించవు. వేసిన ఉప్పు ఆవిరి కాదు గనుక ప్రతివారం గుప్పెడు వేసేవాడు చివరకు తన గదిలో సముద్రాన్ని తయారుచేస్తాడు. ఉప్పు ఒక అవసరానికి వాడే మందు, నిత్య భోజనం కాదు.

కొత్త తొట్టికి సరియైన మార్గం ఏమి? ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ మొదట రెండు మూడు గట్టి చేపలను మాత్రమే వేయవలెను. మేత అతి తక్కువ వేయవలెను. నెల గడిచిన తరువాత కొద్దికొద్దిగా చేపలను చేర్చవలెను. ఇంతకంటె మంచి మార్గం ఇంకొకటి ఉన్నది. చాలాకాలంగా నడుస్తున్న మిత్రుని తొట్టి ఫిల్టరు నుండి స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మన ఫిల్టరులో ఉంచడం. తోడు పెట్టినట్లే. పొరుగింటి నుండి మజ్జిగ చుక్క తెచ్చుకొనే మన ఇండ్లలో దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మిత్రుని తొట్టిలో రోగం లేదని మాత్రం ముందుగా రూఢి చేసుకోవలెను. హాబీదారుల మధ్య సాగే ఇచ్చిపుచ్చుకోవడాలలో ఈ మురికి స్పాంజి ముక్కయే అన్నింటికంటె విలువైనదని మా అభిప్రాయం. దుకాణంలో కొనే ఏ రంగుల బొమ్మా దానికి సాటి రాదు.

జీవశాస్త్ర విద్యార్థులకు ఒక మాట. ఈ రెండు దశలకు నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అన్న రెండు పేర్లను పాఠ్యపుస్తకాలు నేర్పుతూ వచ్చినవి. మంచినీటి అక్వేరియంలలో రెండవ దశను నడిపేది ప్రధానంగా నైట్రోస్పైరా జాతి అని 1998లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఒకే జీవి రెండు దశలను తానే పూర్తిచేయగలదని 2015లో తేలింది. అట్టి జీవి దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకపు ఫిల్టరు కావడం విశేషం.

ఈ జీవులు నీటిలో తేలియాడుతూ ఉండవు. స్పాంజిని, రాళ్ళను, గాజును అంటిపెట్టుకొని పలుచని జిగురు పొరలో నివసిస్తాయి. దీనినిబట్టి "తొట్టిని నెలకొకసారి పూర్తిగా తోమి కడగాలి" అనే సలహా ఎంత చేటో తెలియగలదు. స్పాంజిని నల్లా కింద పిండి కడిగితే నీటిలోని క్లోరిన్ ఆ జీవులను చంపుతుంది. తొట్టి మెరుస్తుంది, మళ్ళీ మొదటి రోజుకు వెళ్ళిపోతుంది. స్పాంజిని కడగవలసి వస్తే తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండవలెను.

క్లోరిన్ చేప మొప్పలకు సైతం హానికరమే. నగరపాలక నీటిని బక్కెట్టులో ఒక రోజు కదలకుండ ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. గాలి బుడగలు పెడితే ఇంకా త్వరగా పోతుంది. కొన్ని దేశాల నగరాలలో క్లోరినుకు బదులు క్లోరమైన్ వాడుతారు. అది ఇట్లు పోదు. తొందరపడేవారికి సోడియం థయోసల్ఫేట్ కలదు. నలుపు తెలుపు ఫొటోలు కడిగే రోజులలో స్టూడియోలవారు 'హైపో' అని పిలిచిన స్ఫటికాలు ఇవే. దుకాణంలో 'యాంటీ క్లోరిన్' అని చిన్న సీసాలో అమ్మేది సామాన్యంగా దీని ద్రావణమే.

నీటిని ఎంత మార్చవలెను? ఈ విషయంలో ముచ్చట తరచు వాదనగా మారుతుంది. నీరంతా మార్చేవారు ఒక పక్షం. ఏడాదిగా మార్చకున్నా మా చేపలు బాగున్నాయనేవారు ఇంకొక పక్షం. రెండవ పక్షంవారి అనుభవం అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదకరం. కొంచెం నిదానించి చూద్దాము.

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియా వాయువు రూపం, ఇది విషం. రెండవది అమ్మోనియం అయాను రూపం. దీని వలన బాధ చాలా స్వల్పం. ఏ రూపం ఎంత ఉంటుందో నిర్ణయించేది ముఖ్యంగా నీటి పి.హెచ్. విలువ, పిదప వేడిమి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 అయితే విషరూపం నూటికి ఒక పాలుకన్న తక్కువ. పి.హెచ్. 8 అయితే నూటికి ఐదు పాళ్ళు. అనగా ఒక్క అంకె పెరిగితే విషం సుమారు పది రెట్లు. ఇక అమ్మోనియాను నైట్రేటుగా మార్చే క్రియలో ఆమ్లం పుడుతుంది. ఏళ్ళ తరబడి నీరు మార్చని తొట్టిలో క్షారగుణం హరించుకుపోయి పి.హెచ్. మెల్లగా దిగిపోతుంది. పి.హెచ్. బాగా దిగితే ఆ మేలు చేసే జీవులు కూడ మందగిస్తాయి, అమ్మోనియా పేరుకుంటుంది. కాని అప్పటికది అయాను రూపంలో ఉన్నందున చేపలు మెల్లగా అలవాటుపడి బతుకుతుంటాయి. ఒకరోజు బంధువులు వస్తున్నారని ఇంటివారు సగం నీరు తీసి బోరు నీరు పోస్తారు. దక్కను రాతినేల బోరు నీరు సామాన్యంగా కఠినజలం, పి.హెచ్. హెచ్చు. క్షణాలలో అయాను రూపం విషరూపంలోకి మారుతుంది. సాయంత్రానికి చేపలు వెల్లకిలా తేలుతాయి. "నీళ్ళు మార్చినందుకే పోయినయి" అని రెండవ పక్షంవారు తీర్మానిస్తారు! నిజానికి పోయినది ఏడాదిపాటు మార్చనందుకు.

కాబట్టి వారానికొకసారి నాలుగవ వంతు, అంతకు తక్కువైనా సరే, క్రమం తప్పక మార్చడం మేలు. పాత తొట్టిని బాగుచేయదలచినవారు రోజుకు కొన్ని చెంబుల చొప్పున వారాల తరబడి మార్చవలెను.

కొత్తగా కొన్న చేపల సంచి సంగతి కూడ ఇక్కడే చెప్పదగును. చెన్నై నగరంలోని కొళత్తూరు, కోల్‌కతా పరిసరాలు అలంకార చేపల పెంపకానికి పేరుపడినవి. అక్కడి నుండి సంచులలో రాత్రంతా ప్రయాణం చేసి చేపలు దూరపు ఊళ్ళ దుకాణాలకు చేరుతాయి. మూసిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వలన పి.హెచ్. తగ్గి అమ్మోనియా అణగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పి.హెచ్. లేస్తుంది, అమ్మోనియా పడగ విప్పుతుంది. అందుచేత దూరం నుండి వచ్చిన సంచిని మూసియుంచియే పదిహేను ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి వేడిమి సమానమైన పిదప విప్పి, ఆలస్యం చేయక చేపలను వలతో తీసి తొట్టిలో వదలవలెను. సంచి నీటిని తొట్టిలో పోయరాదు. దుకాణం నుండి ఇంటికి పది నిమిషాల దూరమైతే ఇంత కంగారు అక్కరలేదు.

మేతను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండు నిమిషాలలో తినగలిగినంత, రోజుకు ఒకటి రెండు మార్లు. చిక్కల్లా ఇంటిలో అందరికీ చేపలమీద ప్రేమ ఉండడమే. నాన్నగారు ఉదయం వేస్తారు, పిల్లలు బడి నుండి వచ్చి వేస్తారు, చుట్టాలు వేడుకగా వేస్తారు, నానమ్మ "పాపం, నోరు తెరుస్తున్నాయి" అని మరమరాలు వేస్తుంది. మిగిలినది అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది. మేత డబ్బా ఒకరి చేతిలోనే ఉండడం మంచిది.

గుండ్రని గాజు గిన్నెలో బంగారు చేప అనే దృశ్యాన్ని క్యాలెండర్లు, సినిమాలు మన మనస్సులో ముద్రించినవి. ఆ చేపకు అంతకన్న చెరసాల లేదు. బంగారు చేప సరిగా పెరిగితే జానెడు పొడవు మించుతుంది, పదేళ్ళకు పైగా జీవిస్తుంది, విసర్జన కూడ విస్తారం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. గిన్నెలో ఐదు లీటర్లు. అదే చేప, అదే విసర్జన, పది రెట్లు చిక్కగా. రోమ్ నగర పాలక సంఘం 2005లో గుండ్రని గిన్నెలను నిషేధించింది. మన వద్ద అట్టి నియమం కోసం ఎదురుచూడనక్కరలేదు, కొనకుంటే చాలును.

"ఫైటర్ చేపకు గాలి అక్కరలేదు, సీసాలో వేసినా బతుకుతది" అని దుకాణదారు చెప్పే మాట మాత్రం సగం నిజం. థాయ్‌లాండు ప్రాంతపు ఈ చేపకు మొప్పలకు పైన చిక్కుదారుల వంటి ప్రత్యేకాంగం కలదు. నీటి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకొంటుంది. మన కొర్రమీనుకు కూడ ఆ కోవకు చెందిన ఏర్పాటే ఉన్నది. అందుకే అంగడిలో కాసిని నీళ్ళ తొట్టెలో అది గంటల తరబడి సజీవంగా కనబడుతుంది. కాని గాలి పీల్చగలిగినంత మాత్రాన అమ్మోనియా బాధ తప్పదు, చలి బాధ తప్పదు. బతకడం వేరు, చావకుండ ఉండడం వేరు.

రోగాలలో తరచు కనిపించేది తెల్లమచ్చల రోగం. చేప ఒంటినిండ ఉప్పురవ్వ చల్లినట్లుంటుంది. డిసెంబరు రాత్రులలో నీరు హఠాత్తుగా చల్లబడినప్పుడు, కొత్త చేపను తెచ్చి నేరుగా వేసినప్పుడు ఇది తలెత్తుతుంది. ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి దీనికి కారణం. ఆ జీవి చేప చర్మం లోపల దాగి తింటున్నంతకాలం మందు దానిని తాకలేదు. పెరిగి రాలిపడి, అడుగున కోశం కట్టుకొని, వందల పిల్లలుగా చీలి, ఆ పిల్లలు చేపను వెదుకుతూ ఈదే సమయంలోనే మందు పని చేస్తుంది. మచ్చలు మాయం కాగానే మందు ఆపి, వారం తరువాత "మళ్ళీ వచ్చింది" అని వాపోయేవారు ఈ జీవితచక్రాన్ని గుర్తించరు. హీటరుతో నీటి వేడిమిని మెల్లగా 30 డిగ్రీల సమీపానికి పెంచితే ఆ చక్రం వేగంగా తిరిగి, పిల్లలు త్వరగా బయటపడి మందుకు చిక్కుతాయి. మచ్చలు పోయిన పిదప కూడ కొన్నాళ్ళు మందు కొనసాగింపవలెను. కొత్త చేపను రెండు మూడు వారాలు వేరు పాత్రలో ఉంచి చూసేవారికి ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.

వేసవిలో చిక్కు వేరు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమడగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. చేపకు మాత్రం వేడిలోనే ఎక్కువ కావాలి. మే నెల రాత్రి కరెంటు పోయి పంపు ఆగితే తెల్లవారేసరికి నష్టం జరుగుతుంది. పంపు బుడగల అందం వేరు, వాటి పని వేరు. పై నీటిని కదిలించి గాలితో కలుపుటయే వాటి ముఖ్య కార్యం. కాబట్టి కరెంటు లేని వేళ చెంబుతో తొట్టి నీరే తీసి ఎత్తు నుండి పోస్తూ ఉంటే అదే ఫలితం లభిస్తుంది. ఆ రోజు మేత మానివేయవలెను.

ఇంతవరకు చెప్పినది మన తొట్టిలోని చేప క్షేమం. ఇక చెప్పబోయేది చెరువులోని చేప క్షేమం. ఇందులో ఉదాసీనత కూడదని మేము భావిస్తున్నాము. దుకాణంలో రెండంగుళాల సకర్ చేపను "తొట్టిలో పాచి తింటది" అని అమ్ముతారు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ జాతి అడుగుకు పైగా పెరుగుతుంది. తొట్టి చాలదు. చంపుటకు చేతులు రావు. ఏ సాయంత్రమో చెరువులో వదిలి, ప్రాణం కాపాడామని తృప్తిపడతారు. ఆ చేప ఒంటిపై ఎముక పలకల కవచం ఉంటుంది. తినే శత్రువులు తక్కువ. గట్లలో బొరియలు త్రవ్వి గుడ్లు పెడుతుంది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాలలో మత్స్యకారుల వలలకు ఇది చిక్కుతున్నది, ముళ్ళు వలలను చింపుతున్నవి, కొనేవారు లేరు, వారు దీనికి దెయ్యం చేప అని పేరు పెట్టినారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలిన డి.ఎన్.ఏ. ఆనవాళ్ళనుబట్టి తూర్పు కనుమల జలాశయాలలో దీని వ్యాప్తిని పసికట్టే పద్ధతిని రూపొందించవలసి వచ్చినదంటే సమస్య ఎంతవరకు పోయినదో ఊహించవచ్చును. ఒక వల ఖరీదు ఒక కుటుంబానికి ఎన్ని రోజుల కూలియో మనలో చాలామందికి తెలియనిది కాదు.

పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు, పెద్ద తొట్టి గల మిత్రునికి ఇవ్వవచ్చు. ఆదివారం ముచ్చట్లలో "నా దగ్గర పెద్ద ఆస్కార్ ఉంది, ఎవరైనా తీసుకుంటరా?" అన్న మాట వినబడితే దానిని చులకన చేయరాదు. అది మంచి మాట. ఇంకా మంచిది, కొనకముందే "ఇది ఎంత పెద్దదవుతుంది?" అని అడగడం.

చిన్న చేపలతో తృప్తిపడదలచినవారికి మన దేశపు నీళ్ళలోనే కొరత లేదు. నీలి చారల జీబ్రా చేప మన వాగులదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై వ్రాసిన గ్రంథంలో 1822లో దీనిని వర్ణించాడు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ ఈ చేపను ప్రయోగశాలకు పరిచయం చేసి 1981లో తన పరిశోధన ప్రకటించిన తరువాత ఇది ప్రపంచమంతట జన్యుశాస్త్రానికి పనిముట్టయింది; 2013లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడింది. గుడ్డు, పిండం పారదర్శకం కావడం వలన గుండె కొట్టుకోవడం సామాన్య సూక్ష్మదర్శినిలో సైతం కనిపిస్తుంది. ఇదివరలో కేరళ ఏరుల నుండి విస్తారంగా పట్టి ఎగుమతి చేయబడిన ఎర్రచార డెనిసన్ చేప ఇప్పుడు ఆపదలో ఉన్న జాతుల పట్టికలో చేరినది. కనుక దేశవాళీ చేపలనైనను పెంపకంలో పుట్టినవానినే కొనడం మంచిది.

కళాశాల జంతుశాస్త్ర విభాగంలో తొట్టి పెట్టదలచే సంఘ సభ్యులకు ఒకటి రెండు సూచనలు. తొట్టికి అయ్యే ఖర్చులో అలంకరణకు తగ్గించి, అమ్మోనియా, నైట్రైటు, పి.హెచ్. పరీక్షించే ద్రావణాలకు కేటాయించవలెను. ప్రారంభోత్సవం నాటికి తొట్టినిండ చేపలు కనబడవలెనన్న ఆశ వదలుకోవలెను. మొదటి ఆరు వారాలు రోజూ ఆ మూడు అంకెలు నమోదు చేసి గ్రాఫు గీయడం విద్యార్థులకు మంచి ప్రాక్టికల్. అమ్మోనియా గీత లేచి పడడం, దాని వెనుక నైట్రైటు గీత లేచి పడడం తమ కళ్ళతో చూసినవారికి నత్రజని చక్రం పాఠం వల్లె వేయనక్కరలేదు.

సెలవులలో చిక్కు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకున్నా తట్టుకొంటాయి. వేసవి సెలవులు అంతకంటె దీర్ఘం. కాపలాదారుకు మేత డబ్బా అప్పగించి వెళ్ళరాదు, చిటికెడేసి పొట్లాలు కట్టి వాటిపై తేదీలు వేసి ఇవ్వవలెను. తొట్టి మూతపై ఉర్దూలోను, తెలుగులోను పెద్ద అక్షరాలతో ఒక అట్ట అంటించవలెను: "ఆదివారం ఒక పొట్లం, బుధవారం ఒక పొట్లం. అంతే. పంపు ఆపవద్దు."